1947లో మద్రాసులో ఏం జరిగింది? సామ్రాజ్య చరిత్రను ఆడవాళ్ళ వైపు నుంచి చదవడం

1947లో స్వాతంత్ర్యం వచ్చింది, అది అందరికీ తెలుసు. అదే ఏడాది మద్రాసులో ఇంకో రెండు సంగతులు జరిగాయి. ముప్పై ఆరేళ్ళుగా ఒక తెలుగు కావ్యం మీద ఉన్న నిషేధాన్ని టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం ఎత్తేసింది. ఆ కావ్యం పేరు రాధికాసాంత్వనం, రాసింది ముద్దుపళని, 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న గణిక. ఆ తర్వాత ప్రకాశంగారు దిగిపోయి ఓమందూరు రామస్వామి రెడ్డియారు ముఖ్యమంత్రి అయ్యారు, ఆయన హయాంలో ఆడపిల్లల్ని గుడికి దేవదాసులుగా అంకితం చెయ్యడం నేరమని చట్టం వచ్చింది. అంటే పుస్తకానికి విడుదల దొరికిన ఏడాదే, ఆ పుస్తకాన్ని రాసిన, మళ్ళీ అచ్చుకు తెచ్చిన ఆడవాళ్ళ జీవన విధానానికి తలుపు మూసుకుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచీ నాకు మనసు ఊరుకోవడం లేదు. పరాయి పాలన పోయింది, స్వేచ్ఛ వచ్చింది అని గీసే ఒకే గీతలో ఇవి ఇమడవు. కావ్యాన్ని నిషేధించింది ఇంగ్లీషు ప్రభుత్వమే, కానీ అది బూతు అని ఆ ప్రభుత్వానికి చదివి చెప్పింది మన తెలుగువాళ్ళు. దేవదాసీ చట్టం తెచ్చింది మన ప్రభుత్వమే, కానీ దాని వెనక వినిపించిన మాటల్లో చాలా వరకు అంతకు యాభై ఏళ్ళ ముందు మిషనరీల నోట వినిపించినవే. స్త్రీవాద చరిత్రకారులు కొన్ని దశాబ్దాలుగా తవ్వుతున్నది సరిగ్గా ఇలాంటి చోట్లే. వాళ్ళు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో, చెన్నైలో కూర్చుని తెలుగులో వీలైనంత విడమరిచి చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. స్త్రీవాద చరిత్ర అనగానే, ఉన్న పుస్తకంలో ఆడవాళ్ళ గురించి ఇంకో అధ్యాయం కలపడం అనుకుంటారు. కలపాలి, అందులో తప్పేం లేదు. రాజ్యాంగ సభలో పదిహేను మంది ఆడవాళ్ళు ఉన్నారని, వాళ్ళలో ఒకరు రాజమండ్రిలో పుట్టి ఈ ఊళ్ళో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయమ్మ అని ఇక్కడి తెలుగు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అయితే పేర్లు కలిపినంత మాత్రాన కథ మారదు. 1986లో జోన్ స్కాట్ అనే అమెరికన్ చరిత్రకారిణి ఒక వ్యాసంలో చెప్పినదాన్ని నా మాటల్లో చెప్తాను: ఆడ, మగ అనే తేడా ఇంట్లో జరిగే వ్యవహారం మాత్రమే అనుకోకండి, అధికారం తనను తాను ఎలా చెప్పుకుంటుందో ఆ తేడాలోనే కనపడుతుంది. అంటే ఆడవాళ్ళు ఒక్కరూ లేని కాగితంలో కూడా ఈ ప్రశ్న అడగొచ్చు.

ఎలాగో ఒక తెలుగు ఉదాహరణ చూడండి. ఉత్తరాదిలో ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ సిపాయిని తెలంగా అనేవాళ్ళు, ఎందుకంటే కంపెనీ తరఫున అక్కడికి వెళ్ళిన తొలి సిపాయిల్లో మన తెలుగువాళ్ళు అంతమంది. అలాంటిది 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి, దక్షిణాదివాళ్ళకు మగతనం లేదు, యుద్ధానికి పనికిరారు అనే సిద్ధాంతం బలపడింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దీన్ని గట్టిగా నమ్మినవాడు, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. మార్షల్ రేసెస్, అంటే వీరజాతులు అని కొన్ని కులాలకూ ప్రాంతాలకూ ముద్ర వేసి, తెలుగువాళ్ళ భర్తీ తగ్గించుకుంటూ పోయారు. అదే కాలంలో, 1883లో ఇల్బర్ట్ బిల్లు గొడవ. జిల్లాల్లో భారతీయ న్యాయాధికారులు తెల్లవాళ్ళ కేసులు విచారించవచ్చు అన్నందుకు కలకత్తా తెల్లవాళ్ళు మండిపడ్డారు. ఆడంగి బెంగాలీ బాబు మా ఆడవాళ్ళ మీద తీర్పు చెప్తాడా అన్నది వాళ్ళ వాదన. చరిత్రకారిణి మృణాళిని సిన్హా ఈ విషయం మీద 1995లో పెద్ద పుస్తకం రాశారు. ఎవరు మగవాడు, ఎవరు కాదు అన్న ప్రశ్న ఉద్యోగాన్ని, జీతాన్ని, కోర్టులో అధికారాన్ని ఎలా నిర్ణయించిందో అందులో చూపించారు. ఊళ్ళకు ఊళ్ళే బతుకుతెరువు పోగొట్టుకున్నది ఈ మాటల వల్లే అని గుర్తుపెట్టుకుంటే, ఇదేదో యూనివర్సిటీ చర్చ అనిపించదు.

ఇప్పుడు అందరికీ తెలిసిన సతీసహగమనం దగ్గరికి వద్దాం. 1829లో గవర్నర్ జనరల్ బెంటింక్ బెంగాల్లో నిషేధించాడు, 1830లో మద్రాసులోనూ చట్టం వచ్చింది. బళ్ళో మనం చదువుకున్నది ఇంతే: దుష్టాచారం ఒకవైపు, సంస్కర్తలూ దొరలూ ఇంకోవైపు. చరిత్రకారిణి లతా మణి ఆ కాలపు కాగితాలన్నీ తిరగేసి అడిగిన ప్రశ్న వేరే. ఈ చర్చలో ఆడది ఎక్కడుంది? వద్దన్నవాళ్ళూ శాస్త్రాలే చూపించారు, కావాలన్నవాళ్ళూ శాస్త్రాలే చూపించారు, కంపెనీ అధికారులు పండితుల్ని పిలిచి ఏ స్మృతి ఏం చెప్పిందో రాయించుకున్నారు. చితి పక్కన నిలబడిన మనిషి ఏమంది, ఆమెకు అప్పులున్నాయా, ఆస్తి పంపకం ఉందా, పిల్లలున్నారా అన్నది దాదాపు ఎవరికీ పట్టలేదు. సంప్రదాయం అంటే ఏమిటని మగవాళ్ళు వాదులాడుకోవడానికి ఆమె నేలలా పనికొచ్చిందని లతా మణి వాదన. ఆచారం ఆగిపోవడం మంచిదే, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఆ చర్చ నడిచిన తీరు వల్ల హిందూ ధర్మం అంటే బ్రాహ్మణ గ్రంథాల్లో ఉన్నదే అన్న ఊహ చట్టంలోకి ఎక్కి కూర్చుంది, దాని ఫలితం తర్వాత ఆస్తి హక్కుల్లో, పెళ్ళి చట్టాల్లో వందేళ్ళకు పైగా ఆడవాళ్ళే అనుభవించారు.

సాహిత్య విమర్శకురాలు గాయత్రీ స్పివాక్ 1988లో అచ్చయిన వ్యాసంలో దీన్నే ఇంకా సూటిగా పట్టుకున్నారు: తెల్ల మగవాళ్ళు నల్ల మగవాళ్ళ నుంచి నల్ల ఆడవాళ్ళను కాపాడటం అనే కథే సామ్రాజ్యానికి నైతిక బలం. ఆ వ్యాసం చాలా కష్టంగా ఉంటుంది, నాలుగుసార్లు చదివినా నాకు సగమే ఎక్కింది, కానీ చివర్లో వచ్చే ఒక అమ్మాయి కథ మాత్రం మర్చిపోలేను. భువనేశ్వరి భాదుడి, 1926, కలకత్తా. పదహారు పదిహేడేళ్ళ పిల్ల, ఉరి వేసుకుంది. సాయుధ పోరాట దళంలో ఉండి, ఒకరిని చంపే బాధ్యత మీద పడితే చెయ్యలేక ప్రాణం తీసుకుంది. పెళ్ళికాని పిల్ల చస్తే లోకం ఏమంటుందో ఆమెకు తెలుసు. అందుకని నెలసరి వచ్చే వరకు ఆగి, ఆ రోజుల్లోనే చచ్చిపోయింది, కడుపు వచ్చి చచ్చిందని ఎవరూ అనకూడదని. తన శరీరంతోనే సాక్ష్యం రాసి పెట్టింది. అయినా తర్వాతి తరంలో ఇంట్లోవాళ్ళే అదేదో ప్రేమ వ్యవహారం అని చెప్పుకున్నారు. అట్టడుగువాళ్ళు మాట్లాడగలరా అని స్పివాక్ అడిగిన ప్రశ్నకు అర్థం వాళ్ళకు నోరు లేదని కాదు. వాళ్ళు మాట్లాడినా అది మాటగా లెక్కకు రాదు అని.

ఈ లెక్కకు రాకపోవడం కాగితంలో ఎలా జరుగుతుందో చరిత్రకారిణి దుర్బా ఘోష్ చూపించారు. కంపెనీ కాలంలో తెల్లవాళ్ళతో కలిసి బతికి, పిల్లల్ని కన్న మన ఆడవాళ్ళు వేలమంది. వీలునామాల్లో, చర్చి బాప్తిస్మం రిజిస్టర్లలో తండ్రి పేరు ఉంటుంది, బిడ్డకు క్రైస్తవ పేరు ఉంటుంది, తల్లి గడి దగ్గర చాలాసార్లు ఉండేది ఒక నేటివ్ స్త్రీ అనే మాట మాత్రమే. పేరు రాయకపోవడం గుమాస్తా బద్ధకం అనుకోకూడదు. పేరు లేకపోతే వారసత్వం అడగడానికి మనిషే లేనట్టు.

దీన్ని చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ దస్తావేజు గుర్తొచ్చింది. వాళ్ళు నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలోని చూళైలో స్థిరపడ్డారు. అమ్మమ్మ తెల్లారుజామున లేచి ఇడ్లీలు పోసి అమ్మేది, చీటీలు కట్టేది, అలా కూడబెట్టిన డబ్బుతో ఒక గది, ఒక వసారా ఉన్న ఇల్లు కొన్నది. పత్రం తమిళంలో ఉంది, ఆమెకు చదవడం రాదు. అందులో ముందు తాతయ్య పేరు, తర్వాత భార్య అనే మాట, ఆ తర్వాత ఆమె పేరు, అదీ ఒక అక్షరం తప్పుతో. వృత్తి దగ్గర ఇంటిపని అని ఉంది. కింద ఊదారంగు వేలిముద్ర. పత్రం మొత్తంలో ఆమె సొంతంగా పెట్టింది ఆ వేలిముద్ర ఒక్కటే. రేపు ఎవరైనా ఆ కాలపు చూళైలో ఆడవాళ్ళ సంపాదన గురించి పరిశోధన చేస్తే, ఈ పత్రం ప్రకారం మా అమ్మమ్మ పైసా సంపాదించలేదు.

అందుకే ఈ చరిత్రకారులు కాగితాన్ని రెండుసార్లు చదువుతారు, అందులో ఏం ఉందో ఒకసారి, అది ఎవరి అవసరం కోసం పుట్టిందో ఇంకోసారి. ఈ ఊరి రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, మారిషస్‌కు, ఫిజీకి ఒప్పందం మీద వెళ్ళిన కూలీల జాబితాలు దీనికి మంచి ఉదాహరణ. దక్షిణాఫ్రికాకు తొలి ఓడ ట్రూరో బయలుదేరింది మద్రాసు నుంచే, 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ జాబితాల్లో గడులు ఇలా ఉంటాయి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. మచ్చ ఎక్కడుంది, పచ్చబొట్టు ఎక్కడుంది అన్నీ రాసుకున్నారు, మనిషి పారిపోతే పట్టుకోవడానికి. ఎందుకు వెళ్తున్నావు అనే గడి లేదు.

వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని తర్వాత నియమం పెట్టారు, ఆడవాళ్ళ మేలు కోరి కాదు, మగ కూలీలు కుదురుగా ఉండాలని. నేటాల్లో మొదటి ఏడాది మగవాడి నెల జీతం పది షిల్లింగులు, ఆడదానికి అందులో సగం. వెళ్ళినవాళ్ళలో వితంతువులు ఉన్నారు, మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, కరువుకు తాళలేక వెళ్ళినవాళ్ళు ఉన్నారు. 1910ల్లో ఈ కూలీ పద్ధతిని ఆపాలని దేశమంతా ఉద్యమం నడిచినప్పుడు, జనాన్ని ఎక్కువగా కదిలించినది తోటల్లో మన ఆడవాళ్ళ మానానికి జరుగుతున్న అవమానం అన్న మాట. అవమానం నిజం, దౌర్జన్యం నిజం. కానీ ఆ ఉద్యమ ఉపన్యాసాల్లో ఆమె దేశం పరువుగా మాత్రమే కనపడుతుంది. సగం జీతానికి చెరకు నరికిన కూలీగా, ఊళ్ళో బతకలేక తనంతట తనే ఓడెక్కిన మనిషిగా కనపడదు. కూలీ ఒప్పందాల కోసం మనుషుల్ని తీసుకెళ్ళడం 1917లో ఆగింది. ఆమె అలా ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్న మాత్రం చాలా కాలం తర్వాత ఆ కుటుంబాల్లో పుట్టిన ఆడవాళ్ళు, స్త్రీవాద పరిశోధకులు అడిగితే గానీ బయటికి రాలేదు.

సామ్రాజ్యం ఆడదాని ఒంటి మీద నేరుగా చెయ్యి వేసిన చోటు ఇంకొకటి ఉంది. 1868లో వచ్చిన అంటువ్యాధుల చట్టం. సైనికులకు సుఖవ్యాధులు రాకుండా అన్న పేరుతో, వేశ్యలు అని పోలీసులు అనుకున్న ఆడవాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, బలవంతంగా ఒళ్ళు పరీక్ష చేసి, జబ్బు ఉందంటే లాక్ హాస్పిటల్ అనే చోట బంధించేవాళ్ళు. సైనికుడికి ఈ పరీక్ష లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ ఆసుపత్రులు చట్టానికి ఎంతో ముందు నుంచే ఉన్నాయి. 1888లో చట్టం రద్దయింది, దానికి ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ లాంటివాళ్ళ ఉద్యమం ఒక కారణం. ఇక్కడ చరిత్రకారిణి ఆంటోనెట్ బర్టన్ ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టారు: ఆ ఇంగ్లీషు స్త్రీవాదులు మన ఆడవాళ్ళ కోసం నిజంగానే కష్టపడ్డారు, కానీ నోరు లేని భారతీయ చెల్లెళ్ళను మేం ఉద్ధరిస్తున్నాం కాబట్టి మాకు ఓటు హక్కు ఇవ్వండి అని కూడా వాదించారు. వాళ్ళ పోరాటానికి మనం మెట్టు అయ్యాం. స్త్రీవాదులు తమ పూర్వీకుల గురించే ఇలా రాసుకోవడం నాకు చాలా నచ్చుతుంది.

ఇక మద్రాసుకు తిరిగి వద్దాం, ముద్దుపళని దగ్గరికి. ఇంగ్లీషు ఫైళ్ళలో దేవదాసి, భోగం, కళావంతులు, సాని అన్న తేడాలు పోయి అందరూ డాన్సింగ్ గర్ల్స్ అయిపోయారు. గుడి సేవ చేసేవాళ్ళకూ, ఆస్థానంలో కవిత్వం చెప్పేవాళ్ళకూ, పెళ్ళిళ్ళలో మేజువాణి చేసేవాళ్ళకూ ఒకే గడి. 1860 నాటి శిక్షాస్మృతిలో మైనరు పిల్లల్ని వ్యభిచారానికి అమ్మడం, కొనడం నేరమన్న సెక్షన్లను దేవదాసీల దత్తత మీద వాడారు. ఆ ఇళ్ళల్లో ఆడపిల్లను దత్తత తీసుకోవడం, ఆస్తి తల్లి నుంచి కూతురికి పోవడం మామూలు, మామూలు హిందూ కుటుంబంలో ఆడదానికి లేని హక్కు అది. 1893లో మద్రాసు హిందూ సంఘ సంస్కరణ సభవాళ్ళు వైస్రాయికీ గవర్నరుకూ అర్జీ పెట్టుకున్నారు, మీరు మేజువాణీలకు వెళ్ళకండి అని. దొరలు ఒప్పుకోలేదు, మాకు అందులో తప్పేం కనపడలేదన్నారు. కాబట్టి తెల్లవాళ్ళు మన సంప్రదాయాన్ని చంపారు అనే తేలికైన కథ ఇక్కడ నిలవదు. చదువుకున్న మన మగవాళ్ళు, మిషనరీల తిట్లు తిని, అవమానపడి, తమ ఇంటిని శుభ్రం చెయ్యాలని బయలుదేరారు. కన్యాశుల్కంలో మధురవాణికీ సౌజన్యారావు పంతులుకూ మధ్య జరిగే సంభాషణ గుర్తు తెచ్చుకుంటే ఈ కాలం మొత్తం కళ్ళ ముందు కనపడుతుంది.

వీరేశలింగంగారు కవుల చరిత్రలో ముద్దుపళనిని ప్రస్తావించి, ఇందులో ఆడదాని నోట రాకూడనివి, ఆడది వినకూడనివి ఉన్నాయన్న అర్థంలో రాశారు. వితంతు వివాహాల కోసం రాళ్ళ దెబ్బలు తిన్న మనిషి ఆయన, ఆ మాట తీసెయ్యలేం. ఆయనే ఈ మాటా అన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ, స్వయంగా దేవదాసి, పేరున్న గాయని, మద్రాసులో ఉంటూ ఈ కావ్యాన్ని వెతికి పట్టుకుని, పరిష్కరించి 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించారు. ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించే పుస్తకం, రాసింది ఆడది, పైగా మా కులంలో పుట్టినది అన్న సంతోషం ఆమె ముందుమాటలో దాగదు. వీరేశలింగంగారికీ జవాబు చెప్పారు: ఉచితం, అనుచితం అన్న విచారం ఆడవాళ్ళకేనా, మగకవులకు లేదా? ఆయన మెచ్చుకుని ముందుకు తెచ్చిన కావ్యాల్లో ఇంతకంటే ఘాటైన శృంగారం ఉందని పేరు పెట్టి చూపించారు.

ఆ తర్వాత అభ్యంతరాలు మొదలయ్యాయి. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు తనకు బూతుగా తోచిన పద్యాల్ని ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపారు, 1911లో పోలీసులు ప్రతులు పట్టుకున్నారు. వావిళ్ళవారూ పండితులూ అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. ఈ ఫైలు కథను 1991లో సూజీ తారు, కె. లలిత భారతీయ రచయిత్రుల సంకలనానికి ముందుమాటగా చెప్పిన తర్వాతే ప్రపంచానికి తెలిసింది. గొలుసు చూడండి: మగ అనువాదకుడు ఎంచిన ముక్కలు, ఇంగ్లీషు అధికారి చదివిన ముక్కలు, నిషేధం మొత్తం పుస్తకానికి.

దేవదాసీ బిల్లు దగ్గరికి వచ్చేసరికి నాకు పక్షం ఎంచుకోవడం కష్టమవుతుంది. ముత్తులక్ష్మి రెడ్డి 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరయ్యారు, 1927లో మద్రాసు శాసన మండలిలోకి వచ్చిన తొలి మహిళ, ఆవిడ తల్లి దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినావిడ. చిన్నపిల్లల్ని అంకితం పేరుతో ఈ బతుకులోకి తోస్తున్నారు, వాళ్ళకు వద్దనే అవకాశం ఎక్కడుంది అన్నది ఆవిడ బాధ. 1929లో ఆవిడ తెచ్చిన సవరణతో దేవదాసీల ఈనాం భూములకూ గుడి సేవకూ ముడి తెగింది, సేవ మానేసినా భూమి వాళ్ళదే. అది మాటలతో ఆగని సాయం. 1930లో గాంధీగారిని అరెస్టు చేసినందుకు నిరసనగా పదవి వదిలేశారు. రెండో వైపు నాగరత్నమ్మ, ఇంకా ఎందరో దేవదాసీలు సంఘంగా ఏర్పడి, మమ్మల్ని వేశ్యలతో కలిపి ఒకే గడిలో పెట్టకండి, మాకు చదువూ మత విద్యా ఇవ్వండి, మా కళను తీసెయ్యకండి అని అర్జీ పెట్టుకున్నారు. ఇంకో వైపు మూవలూరు రామామృతం అమ్మయ్యార్, ఆవిడా దేవదాసీ కుటుంబంలోనే పెరిగి, ఈ వ్యవస్థ పోవాల్సిందే అని ఊరూరా తిరిగారు. ముగ్గురూ ఆడవాళ్ళే, ముగ్గురికీ ఆ జీవితం దగ్గర నుంచి తెలుసు. ఆడవాళ్ళ గొంతు అని ఏకవచనంలో మాట్లాడటం నేను మానేసింది ఈ ముగ్గురి వల్ల.

తర్వాత ఏమైందో ఈ ఊరివాళ్ళకు తెలుసు. దేవదాసీలు ఆడే సదిర్ అనే నాట్యం పేరు మారి భరతనాట్యం అయింది, 1935లో రుక్మిణీదేవి అరండేల్ అడయారులో నాట్యం చేశారు, అగ్రకులాల ఆడపిల్లలు నేర్చుకోవడం గౌరవం అయింది. మన గోదావరి జిల్లాల్లో కళావంతుల ఇళ్ళల్లో ముసలివాళ్ళు తలుపులు వేసుకుని పదాలు, జావళీలు పాడుకోవడం పరిశోధకుడు డేవేష్ సొనేజీ రాసిన పుస్తకంలో ఉంది. నాట్యం బతికింది, నాట్యం చేసిన కులం వేదిక దిగింది.

వలస విముక్తి అనే మాటను స్త్రీవాదులు ఎందుకు అంత జాగ్రత్తగా వాడతారో ఇప్పుడు అర్థమవుతుంది. చరిత్రకారుడు పార్థా ఛటర్జీ చెప్పినట్టు, బయటి ప్రపంచంలో ఓడిపోయిన జాతీయవాదం ఇంటిని తన సొంత రాజ్యంగా ప్రకటించుకుంది, ఆ రాజ్యానికి ఆడది గుర్తు. దాని ఫలితం దేశ విభజన తర్వాత దారుణంగా కనపడింది. 1949లో అపహరణకు గురైనవాళ్ళను వెనక్కి తెచ్చే చట్టం చేశారు. అందులో అపహరణకు గురైన వ్యక్తి అంటే పదహారేళ్ళలోపు మగపిల్లవాడు, లేదా ఎంత వయసున్న ఆడదైనా. నలభై ఏళ్ళ ఆడదానికి కూడా నేను ఇక్కడే ఉంటాను అని చెప్పే హక్కు లేదు, ఆమె ఏ దేశపు మనిషో పోలీసులూ ట్రిబ్యునలూ తేలుస్తారు. ఊర్వశి బుటాలియా, రీతూ మీనన్, కమలా భాసిన్ ఈ ఆడవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి కూర్చుని విన్నారు కాబట్టి మనకు తెలిసింది. మన భాషలో అయితే అంతకు ముందే, 1986లో స్త్రీశక్తి సంఘటనవాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్ని మనకు తెలియని మన చరిత్రగా అచ్చు వేశారు. తుపాకి పట్టిన చేతులు పోరాటం విరమించాక ఇంటికి పొమ్మంటే ఎలా తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళాయో, ఆ బాధ వాళ్ళు చెప్తేనే తెలిసింది, పార్టీ చరిత్రలో లేదు.

పేరు పెట్టడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి నైజీరియా వెళ్ళొద్దాం. 1929 చివర్లో అక్కడి ఆగ్నేయ ప్రాంతంలో, ఆడవాళ్ళ మీద కూడా పన్ను వేస్తారన్న భయంతో వేలమంది ఇగ్బో ఆడవాళ్ళు లేచి, ఇంగ్లీషువాళ్ళు నియమించిన పెత్తందార్ల ఇళ్ళ ముందు పాటలు పాడుతూ కూర్చున్నారు, కోర్టులు తగలబెట్టారు. సైన్యం కాల్పుల్లో యాభైకి పైగా ఆడవాళ్ళు చచ్చిపోయారు. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ఆబా అల్లర్లు. ఆ ఆడవాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం ఆడవాళ్ళ యుద్ధం. అల్లరి అంటే పోలీసు ఫైలు, యుద్ధం అంటే రెండు వైపులా రాజకీయం ఉన్నట్టు. ఇగ్బో ఊళ్ళల్లో ఆడవాళ్ళకు సొంత సభలు, సొంత కట్టుబాట్లు ఉండేవి. తమ దేశంలో అలాంటివి లేని దొరలకు అవి కనపడనే లేదు.

ఈ రంగం మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. మన దేశంలో ఇది చాలా కాలం చదువుకున్న అగ్రకులాల ఆడవాళ్ళ గురించే ఎక్కువ రాసింది, పత్రికలు, ఆత్మకథలు, ఉత్తరాలు మిగిలింది వాళ్ళవే కాబట్టి. మద్రాసుకే చెందిన దళిత నాయకురాలు మీనాంబాళ్ శివరాజ్ 1928లో సైమన్ కమిషన్‌ను సమర్థించారు, ఊరంతా సైమన్ గో బ్యాక్ అంటున్నప్పుడు. జాతీయోద్యమం కొలబద్దతో చూస్తే ఆమె తప్పు వైపు ఉన్నట్టు. తన జనానికి ప్రాతినిధ్యం ఎవరిస్తారు అన్న లెక్కతో చూస్తే ఆమె చేసింది స్పష్టమైన రాజకీయం. ఇలాంటివాళ్ళను చరిత్రలో పెట్టాలంటే కులాన్ని చివర్లో కలిపే మసాలాలా వాడితే కుదరదు, మొదటి నుంచీ దాంతోనే వండాలి. దళిత స్త్రీవాదులు ఇప్పుడు ఆ పని చేస్తున్నారు, గట్టిగా పోట్లాడుతూ చేస్తున్నారు.

ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డులో ఉన్న ఆర్కైవ్స్‌లో ఇలాంటి కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, ఏది కొట్టేశారో చూడండి. ముద్దుపళని కావ్యాన్ని నాగరత్నమ్మ కంటే ముందు, 1887లో, పైడిపాటి వెంకటనరసు అచ్చువేశారు. ఆ ముద్రణలో కొన్ని పద్యాలు లేవు, అవి శృంగారం ఎక్కువైన పద్యాలు అనుకుందాం. కానీ అవతారిక కూడా లేదు, చివరి గద్య కూడా లేదు. వాటిలో బూతు ఏముంది? మన కావ్యాల్లో కవి తన తండ్రి పేరు, తాత పేరు, గోత్రం చెప్పుకునే చోటు అవతారిక. ముద్దుపళని అక్కడ తన ఇంటి ఆడవాళ్ళను చెప్పుకుంది, ఫలానా తంజనాయకి మనవరాలిని అని. నాగరత్నమ్మ 1910 ముద్రణలో ఆ అవతారికనూ, ఆ గద్యనూ వెతికి తెచ్చి ఎక్కడివక్కడ పెట్టారు.